కంప్రెషన్ బాగుంది, నాలుగో సిలిండర్ మాత్రం లాగడం లేదు: ఒక అంబాసిడర్ ఇంజిన్ కేస్ స్టడీ

బండి అంబాసిడర్ మార్క్ 2. ఇంజిన్ 1489 సిసి పెట్రోల్, బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళ బి సిరీస్ డిజైన్. లోబ్‌లనే గుబ్బలతో వాల్వ్‌లని తెరిచే క్యామ్ షాఫ్ట్ కింద బ్లాక్‌లో ఉంటుంది. దాని మీద బకెట్ లాంటి ట్యాపెట్లు, వాటిలో నిలబడే పుష్ రాడ్లు, పైన హెడ్ మీద రాకర్ షాఫ్ట్, దాని మీద వాల్వ్‌లని నొక్కే రాకర్లు. సిలిండర్లు నాలుగు, వాల్వ్‌లు ఎనిమిది, ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2. ఈ ఇంజిన్ కొన్నేళ్ళ కిందట ఒకసారి పూర్తిగా విప్పి, బోరు కొట్టించి కట్టినదే. అప్పుడు ఏమేం మార్చారో ఆ బిల్లులు ఓనర్ దగ్గర భద్రంగా ఉన్నాయి. చివర్లో అవే పనికొచ్చాయి.

కంప్లయింట్లు మూడు. రాకర్ కవర్ కింద టకటక చప్పుడు. పికప్ లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే కార్బురేటర్ లోంచి బ్యాక్ కొడుతోంది. "ట్యాపెట్లు సెట్ చేయించిన కొత్తలో బాగుంటుందన్నా, కొన్నాళ్ళకి మళ్ళీ మామూలే" అన్నాడు ఓనర్. నా దగ్గరికి వచ్చేసరికే కార్బురేటర్ కిట్, పాయింట్లు, కండెన్సర్, ప్లగ్ వైర్లు అన్నీ మారిపోయాయి. టైమింగ్ ముందుకీ వెనక్కీ జరిపి చూశారు. కంప్రెషన్ కూడా కొలిచి, నాలుగూ సమానంగా ఉన్నాయి కాబట్టి ఇంజిన్ లోపల ఏ దోషమూ లేదని తేల్చేశారు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

కంప్రెషన్ నేనూ మళ్ళీ కొలిచాను. ఇంజిన్ వేడి మీద ఉండగా, అన్ని ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి. మొదటి మూడు 135 పి.ఎస్.ఐ. దరిదాపుల్లో ఉన్నాయి, నాలుగోది వాటికంటే రవ్వంత ఎక్కువే చూపించింది. సిలిండర్లోకి గాలి పంపి ఎంత కారుతోందో చూసే లీక్ డౌన్ పరీక్షలో కూడా నాలుగోది మిగతావాటి లాగే ఉంది. అంటే రింగులు పట్టుకుంటున్నాయి, వాల్వ్‌లు సీట్ల మీద సరిగ్గా కూర్చుంటున్నాయి. అంతవరకు మంచి వార్తే. కాని ఈ రెండు పరీక్షలూ చెప్పేది వాల్వ్ మూసుకుంటోందా లేదా అన్నది మాత్రమే. వాల్వ్ ఎంత తెరుచుకుంటోందో ఇవి చెప్పవు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ తిరిగే వేగానికి వాల్వ్ సగమే తెరిచినా గాలి లోపలికీ బయటికీ పోవడానికి బోలెడంత టైముంటుంది. పైగా లోపల మంట లేదు, బయటికి నెట్టాల్సిన కాలిన గ్యాసూ లేదు. అందుకే క్యామ్ అరిగిపోయిన ఇంజిన్ కూడా కంప్రెషన్ గేజ్ దగ్గర మంచి మార్కులతో పాసైపోతుంది.

స్లో స్పీడ్‌లో పెట్టి ఒక్కో ప్లగ్‌నే ఆపి చూశాను. ఒకటి, రెండు ఆపితే ఇంజిన్ గట్టిగా కుంగింది. మూడు ఆపితే కొద్దిగా. నాలుగు ఆపితే చప్పుడులో తేడానే లేదు. మానిఫోల్డ్‌కి వాక్యూమ్ గేజ్ తగిలిస్తే ముల్లు కుదురుగా నిలవకుండా ఒకే లయలో కిందికి కొట్టుకుంటోంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో ఇది 17 నుంచి 21 అంగుళాల మధ్య ఎక్కడో ఒకచోట కదలకుండా నిలబడాలి. గైడ్లు (వాల్వ్ కాడ జారే గొట్టాలు) అరిగితే ముల్లు స్లో స్పీడ్‌లో సన్నగా వణికి, స్పీడు పెంచితే సర్దుకుంటుంది. స్ప్రింగులు నీరసిస్తే దానికి తలకిందులుగా, స్పీడు పెంచినప్పుడు ఊగుతుంది. ఇక్కడ ఆ రెండూ కాదు. ఏ స్పీడులోనైనా లెక్క తప్పకుండా ఒకే దెబ్బ. ఒకే సిలిండర్, ప్రతి సైకిల్‌లోనూ.

తీసిన ప్లగ్గుల్లో నాలుగో సిలిండర్‌ది నల్లగా ఉండటం సరే, మూడోది కూడా ఎందుకు నల్లబడింది? ముందు చూసిన మెకానిక్ దీన్ని బట్టే కార్బురేటర్ మీద పడ్డాడు, అతన్ని తప్పు పట్టలేం. రెండు పక్క పక్క సిలిండర్లు నల్లగా కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్, లేకపోతే మిక్స్చర్ అనుకోవడం సహజం. కాని బి సిరీస్ హెడ్‌లో వాల్వ్‌ల వరుస ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. ముందు నుంచి లెక్కపెడితే 1, 4, 5, 8 ఎగ్జాస్ట్ వాల్వ్‌లు. 2, 3, 6, 7 ఇన్‌లెట్ వాల్వ్‌లు. ఒకటి, రెండు సిలిండర్లకి ఇన్‌లెట్ పోర్టు ఒక్కటే. మూడు, నాలుగుకీ ఒక్కటే. ఫైరింగ్ ఆర్డర్ ప్రకారం మూడో సిలిండర్ పీల్చుకోవడం అయిపోవస్తుండగా నాలుగోది పీల్చుకోవడం మొదలుపెడుతుంది. మూడో దాని ఇన్‌లెట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకముందే నాలుగో దానిది తెరుచుకుంటుంది. నాలుగో సిలిండర్లో కాలిన గ్యాసు ఎగ్జాస్ట్ గుండా పూర్తిగా పోలేదనుకోండి. ఇన్‌లెట్ తెరుచుకోగానే అది వెనక్కి, ఆ ఉమ్మడి పోర్టులోకి తన్నుతుంది. అందులో కొంత కార్బురేటర్ దాకా వెళ్ళి బ్యాక్ కొడుతుంది, కొంత ఇంకా తెరిచే ఉన్న మూడో వాల్వ్ గుండా పక్కింట్లోకి దూరుతుంది. అక్కడ మిక్స్చర్ పాడై సరిగ్గా మండదు. ప్లగ్ మసి పడుతుంది.

ఇలా చూస్తే అన్ని లక్షణాలూ ఒకే చోటికి వచ్చాయి. నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్, అంటే ఎనిమిదో వాల్వ్, సరిగ్గా తెరుచుకోవడం లేదు. రాకర్ కవర్ ఇంకా తీయలేదు గాని ఎక్కడ చూడాలో తెలిసిపోయింది.

కవర్ తీశాక

కవర్ తీయగానే స్పానర్ పట్టకముందే కనిపించే సంగతి ఒకటుంది. రాకర్ల వెనక చివర అడ్జస్టింగ్ స్క్రూలు ఎనిమిదీ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. ఎనిమిదోది మాత్రం లాక్ నట్ మీద పైకి కనిపించే మరలు మిగతావాటికంటే బాగా తక్కువ. ప్రతి సెట్టింగులోనూ దాన్ని ఇంకాస్త, ఇంకాస్త కిందికి తిప్పుతూ వచ్చారన్నమాట.

గ్యాప్, అంటే వాల్వ్ కాడకీ రాకర్ మొనకీ మధ్య సందు, ఏ వైపు మారుతోందన్నదే ముఖ్యం. పాత ఇంజిన్లలో సీసం లేని పెట్రోల్‌తో ఎగ్జాస్ట్ సీట్లు తినేస్తాయని ఓనర్లకి ఒక భయం. అది నిజంగా జరిగితే వాల్వ్ హెడ్ లోపలికి దిగి, దాని కాడ పైకి లేస్తుంది. గ్యాప్ తగ్గిపోతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. ఇక్కడ గ్యాప్ పెరుగుతోంది. కాబట్టి సీటు కాదు. రాకర్ మొన, పుష్ రాడ్ చివరలు, ట్యాపెట్ అడుగు, వీటిలో ఏదో అరుగుతోంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. గ్యాప్ కొలిచేది ట్యాపెట్ క్యామ్ వీపు మీద, అంటే గుండ్రటి భాగం మీద, కూర్చున్నప్పుడు. క్యామ్ ముక్కు ఎంత అరిగినా వీపు మీద గ్యాప్ మారదు. క్యామ్‌తో పాటు ట్యాపెట్ అడుగు కూడా తినేస్తుంది కాబట్టి గ్యాప్ పెరుగుతుంది. ఆ గ్యాప్‌ని స్క్రూతో సరిచేస్తే చప్పుడు కొన్నాళ్ళు తగ్గుతుంది, పోయిన లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) మాత్రం తిరిగి రాదు. ఓనర్ చెప్పిన "కొత్తలో బాగుంటుంది" వెనక ఉన్న సంగతి ఇదే.

గ్యాప్ చూడటానికి ఈ ఇంజిన్‌లో తొమ్మిది లెక్క వాడతాం. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటో దాని గ్యాప్, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. రెండూ కలిపితే తొమ్మిది రావాలి. గ్యాప్ పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే 0.38 మి.మీ. ఫీలర్ గేజ్‌తో ఎనిమిదీ ఆ లెక్కకే ఉన్నాయి. అయినా టకటక ఆగలేదు. వాల్వ్ కాడ మీద కూర్చునే రాకర్ మొనల మీద వేలు ఆనించి చూస్తే సంగతి తెలిసింది. వాల్వ్ కాడ వెడల్పున చిన్న గుంట, గుంటకి రెండు పక్కలా గోరుకి తగిలే అంచు. ఫీలర్ బ్లేడు గుంటలోకి వంగదు, రెండు అంచుల మీదుగా వంతెన లాగా నిలబడుతుంది. బ్లేడు బిగువుగా కదిలినట్టే ఉంటుంది, కింద గుంట లోతు లెక్కలోకి రాదు. డయల్ గేజ్ పెట్టి రాకర్‌ని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూస్తే మూడో వాల్వ్ (రెండో సిలిండర్ ఇన్‌లెట్) దగ్గర అసలు గ్యాప్ ఇరవై రెండు థౌ పైనే వచ్చింది. అరిగిన మొనల మీద ఫీలర్ గేజ్‌ని నేను నమ్మను.

చప్పుడు అన్నిటికంటే గట్టిగా వినిపించింది ఈ మూడో రాకర్ దగ్గరే, పొడవాటి స్క్రూ డ్రైవర్ చెవికి ఆనించి విన్నప్పుడు. ఎనిమిదో దాని దగ్గర చప్పుడు అంతగా లేదు. చెవిని నమ్ముకుంటే రాకర్ షాఫ్ట్ మార్చి బండి ఇచ్చేసేవాళ్ళం, పికప్ మాత్రం ఎప్పటిలాగే ఉండేది. ఈ ఇంజిన్‌లో జబ్బులు రెండు. చప్పుడుది ఒకటి, బలం పోవడానిది ఇంకొకటి.

రెండిటినీ విడదీసేది డయల్ గేజే. గేజ్‌ని వాల్వ్ స్ప్రింగ్ టోపీ మీద పెట్టి ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పితే వాల్వ్ ఎంత దిగుతోందో తెలుస్తుంది. ఆ తర్వాత గేజ్‌ని అవతలి వైపు, పుష్ రాడ్ నెట్టే చోట, అడ్జస్టింగ్ స్క్రూ తల మీద పెట్టి మళ్ళీ తిప్పాలి. కింద నుంచి వచ్చే లిఫ్ట్ పూర్తిగా ఉండి వాల్వ్ దగ్గర తగ్గితే తప్పు రాకర్‌ది. కింద నుంచే తక్కువ వస్తుంటే తప్పు క్యామ్‌ది, ట్యాపెట్‌ది. మూడో వాల్వ్‌కి కింద లిఫ్ట్ నిండుగా ఉంది, పైకి వచ్చేసరికి కాస్త పోతోంది. రాకర్ లోపలి బుష్, మొన అరిగాయి. ఎనిమిదో వాల్వ్‌కి కింద నుంచే లేదు. మిగతా ఏడు పుష్ రాడ్లూ ఒకదానికొకటి మి.మీ.లో పదో వంతు తేడా లోపలే లేస్తున్నాయి. ఎనిమిదోది వాటికంటే 1.6 మి.మీ. తక్కువ లేస్తోంది. రాకర్ నిష్పత్తి వల్ల వాల్వ్ దగ్గర ఆ లోటు ఇంకా పెద్దదవుతుంది. మాన్యువల్‌లో లిఫ్ట్ అంకె దొరక్కపోయినా ఫరవాలేదు, ఎనిమిదిటినీ పక్కపక్కన రాసుకుంటే దొంగ దానంతటదే బయటపడుతుంది.

ఇంజిన్ విప్పే ముందు ఇంకో పని చేశాను, నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఇది. పుష్ రాడ్ల పైభాగంలో నూనె తుడిచి పెయింట్ మార్కర్‌తో ఒక్కో గీత పెట్టి, కవర్ లేకుండానే స్లో స్పీడ్‌లో ఇంజిన్ నడిపాను. ఈ రకం ట్యాపెట్ల అడుగు చదునుగా కనిపిస్తుంది గాని నిజానికి మధ్యలో అతి స్వల్పంగా ఉబ్బి ఉంటుంది. క్యామ్ లోబ్ కూడా ఓ పక్కకి కొద్దిగా వాలుగా ఉంటుంది. అందువల్ల లోబ్ నెట్టిన ప్రతిసారీ ట్యాపెట్ కొంచెం తిరుగుతుంది, దానితో పుష్ రాడ్ కూడా. అలా తిరుగుతుంటేనే రాపిడి ఒకే చోట పడకుండా అడుగంతా పంచుకుంటుంది. ఏడు గీతలు మెల్లగా చుట్టూ తిరిగాయి, ఒక్కోటి ఒక్కో వేగంతో. ఎనిమిదో గీత పైకీ కిందికీ ఆడింది గాని పక్కకి కదల్లేదు.

ట్యాపెట్ బయటికి వచ్చాక

ఈ ఇంజిన్‌లో ఒక సుఖం ఏమిటంటే, ట్యాపెట్లు చూడటానికి క్యామ్ తీయక్కర్లేదు. మానిఫోల్డ్ విప్పితే దాని వెనక బ్లాక్ పక్కన రెండు సైడ్ కవర్లు ఉంటాయి. రాకర్ షాఫ్ట్, పుష్ రాడ్లు తీస్తే ట్యాపెట్లు ఆ దారిలో పైకి వస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రాకర్ స్టాండ్ల నట్లలో నాలుగు హెడ్‌ని కూడా పట్టి ఉంచేవే. వాటినొక్కటే వదులు చేసి, బయటి ఏడు హెడ్ నట్లని అలాగే బిగించి ఉంచితే హెడ్ మెలి తిరిగి, నీళ్ళు సిలిండర్లలోకి, సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టెలోకి) దిగే ప్రమాదం ఉంది. రేడియేటర్ నీళ్ళు దింపి, పదకొండు నట్లనీ వరుస ప్రకారం కొంచెం కొంచెంగా వదులు చేయాలి. రాకర్ షాఫ్ట్ చిన్న పని అనుకుని ఇక్కడ తొందరపడేవాళ్ళు ఎక్కువ.

మిగతా ఏడు ట్యాపెట్ల అడుగున సన్నటి గుండ్రటి గీతలు, తిరిగిన గుర్తులు. ఎనిమిదో దాని అడుగు గిన్నెలా లోపలికి పోయింది. మధ్యలో పెచ్చులు లేచి, ఇసుకరాయి లాగా గరుకుగా ఉంది. రాపిడి గీతలు గుండ్రంగా కాకుండా ఒకే దిక్కుగా ఉన్నాయి. టార్చి వేసి సందులోంచి చూస్తే లోబ్ ముక్కు మొద్దుబారి, అంచు పదునెక్కి మెరుస్తోంది.

పాడవని ఏడు ట్యాపెట్లనీ వదల్లేదు. ఒకదాని పక్క భాగాన్ని స్కేలు లాగా ఇంకొకదాని అడుగు మీద అడ్డంగా పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడాలి. ఉబ్బు ఉంటే రెండు చివర్లా సన్నటి వెలుగు కనిపిస్తుంది. మూడింటిలో వెలుగు కనిపించింది. నాలుగు పూర్తి చదును. అవి ఇప్పటికి తిరుగుతున్నా ఎంతో కాలం తిరగవు.

బిల్లులు తిరగేస్తే కారణం దొరికింది. పాత రిపేరులో క్యామ్ షాఫ్ట్ కొత్తది వేశారు, ట్యాపెట్లు మాత్రం కొనలేదు. పాత లోబ్‌తో కలిసి అరిగి చదునైన ట్యాపెట్‌ని కొత్త లోబ్ మీద పెడితే అది తిరగదు. తిరగకపోతే గట్టి పొర ఒకే గీత మీద నలిగి తెగిపోతుంది, ఆ తర్వాత లోపలి మెత్తటి లోహం త్వరగా పోతుంది. క్యామ్ మారిస్తే ట్యాపెట్లు మార్చాల్సిందే, దీనికి మినహాయింపు లేదు.

నూనె మాటకొస్తే, ఓనర్ తన కొత్త కారుకి వాడే 5డబ్ల్యూ-30 సింథటిక్ నూనెనే దీనికీ పోస్తున్నాడు, మంచిదన్న ఉద్దేశంతో. చదును ట్యాపెట్ ఇంజిన్లలో లోబ్ మీద ఒత్తిడి విపరీతం. అక్కడ లోహానికి లోహం తగలకుండా కాపాడేది జింక్, ఫాస్ఫరస్ కలిసిన జెడ్.డి.డి.పి. అనే రసాయనం. ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్లని పాడుచేస్తుంది కాబట్టి 2004లో వచ్చిన ఏ.పి.ఐ. (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నూనె ప్రమాణం ఎస్.ఎమ్., 2010లో వచ్చిన ఎస్.ఎన్. స్థాయిల్లో 30, అంతకంటే పలచటి గ్రేడ్లకి దాన్ని 800 పి.పి.ఎమ్. దాటకుండా కట్టడి చేశారు. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడ్లకి ఆ కట్టడి వర్తించదు. ఈ బండి విషయంలో నూనె అసలు దోషి కాదని నా అభిప్రాయం. అదే దోషి అయితే ఎనిమిది లోబ్‌లూ కాస్తోకూస్తో దెబ్బతినేవి. తిరగని ట్యాపెట్‌కి అది మిగిలిన కాస్త రక్షణా లేకుండా చేసింది, అంతే. ఈ రోజుల్లో ప్రతి క్యామ్ అరుగుదలనీ నూనె నెత్తిన రుద్దేయడం ఫ్యాషనైంది. ట్యాపెట్ల బిల్లు ఏదని అడిగేవాళ్ళు తక్కువ.

రిపేరు

ఇంజిన్ దించాం. క్యామ్ ఒక్కటే తీసి కొత్తది వేసి ఊరుకోవచ్చని ఓనర్ ఆశ పడ్డాడు. కాని అరిగిన ఇనుము ఎక్కడికి పోయిందన్న ప్రశ్న ఉంది కదా. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పి అయస్కాంతం తిప్పితే దాని చివర నల్లటి మీసం మొలిచింది. సంప్ అడుగున మెరిసే బురద. బిగ్ ఎండ్ షెల్స్ (కనెక్టింగ్ రాడ్ల బేరింగులు) మీద పొడవునా గీతలు, ఇరుక్కున్న చుక్కలు. క్రాంక్ మీద అవి కూర్చునే జర్నల్స్ మాత్రం అదృష్టం కొద్దీ బాగున్నాయి. షెల్స్ కొత్తవి వేశాం, ఆయిల్ పంపు విప్పి క్లియరెన్స్ చూశాం, బ్లాక్‌లోని నూనె దారుల ప్లగ్గులు తీసి లోపల బ్రష్ పెట్టి కడిగాం. ఈ పని ఎగ్గొడితే పాత క్యామ్ పొడి కొత్త క్యామ్‌ని తినేస్తుంది.

రాకర్ షాఫ్ట్ కింది వైపు, స్ప్రింగు ఒత్తిడి పడే చోట, వేలితోనే తెలిసేంత గాడి ఉంది. షాఫ్ట్ కొత్తది. రాకర్లకి కొత్త బుష్‌లు వేసి రీమ్ చేయించాం. బుష్ వేసేటప్పుడు దాని నూనె రంధ్రం రాకర్ రంధ్రానికి సరిపోయిందో లేదో చూసుకోవాలి. మొనల మీద గుంటలు లోతు లేనివి రాయి మీద అదే వంపుతో సాపు చేశాం, రెండు మాత్రం మార్చాం. నూనె పైకి వచ్చేది ఒకే ఒక్క స్టాండ్ గుండా, కాబట్టి ఆ స్టాండ్ వేరేచోట పడితే షాఫ్ట్ మొత్తం ఎండిపోతుంది.

కొత్త క్యామ్, ఎనిమిది కొత్త ట్యాపెట్లు. లోబ్‌లకీ ట్యాపెట్ల అడుగుకీ మాలిబ్డినం పేస్ట్, ట్యాపెట్ల పక్కలకి మామూలు నూనె మాత్రమే. పక్కలకి పేస్ట్ రాస్తే బోరులో జిగురుగా పట్టుకుని తిరగకుండా పోతాయి. ప్రతి ట్యాపెట్ తన బోరులో తన బరువుతో తానే దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి. ఎనిమిదో బోరు పై అంచున చిన్న గరుకు తగిలింది, దాన్ని సన్న ఎమెరీతో తీసేశాం. ట్యాపెట్ ఆగిపోవడంలో దీని వాటా కూడా ఉండే ఉంటుంది.

మొదటి స్టార్టింగ్ దగ్గర టెన్షన్ ఉంటుంది, ఉండాలి కూడా. ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొట్టి గేజ్‌లో ప్రెషర్ లేచి, రాకర్ల దగ్గర నూనె కనిపించేదాకా ఆగాం. టైమింగ్ ముందే పెట్టాం, కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ నింపాం. అంటుకోక పదే పదే సెల్ఫ్ కొట్టాల్సి వస్తే లోబ్‌ల మీది పేస్ట్ అక్కడే తుడిచిపెట్టుకుపోతుంది. అంటుకోగానే స్లో స్పీడ్‌కి దించకుండా నేరుగా 2000 ఆర్.పి.ఎమ్. పైన ఉంచి, అటూ ఇటూ మారుస్తూ ఇరవై నిమిషాలు నడిపాం. లోబ్‌ల మీదికి నూనె వచ్చేది ముఖ్యంగా క్రాంక్ చిమ్మడం వల్లే; స్లో స్పీడ్‌లో అది చాలదు. ఆ నూనె, ఫిల్టర్ వెంటనే మార్చి, జింక్ తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 పోశాం. హెడ్ నట్లు మళ్ళీ టార్క్ చేసి గ్యాప్‌లు మళ్ళీ పెట్టాం.

కవర్ తీసి గీతలు పెట్టి చూస్తే ఎనిమిదీ తిరుగుతున్నాయి. వాక్యూమ్ ముల్లు 19 దగ్గర నిలబడింది. నాలుగో ప్లగ్ ఆపితే ఇంజిన్ ఒకటో దానికి కుంగినంతగా కుంగుతోంది, మూడోది కూడా. ముట్టుకోకుండానే మూడో సిలిండర్ బాగుపడింది. కార్బురేటర్‌ని పాత జెట్‌లతోనే వదిలేశాం.

ఒక పని మిగిల్చాం. నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ గైడ్‌లో వాల్వ్ కాడ ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ ఆడుతోంది. సీటు బాగా పట్టుకుంటోంది కాబట్టి హెడ్ పని ఇప్పుడు వద్దనుకున్నాం. అరిగిన రాకర్ మొన కాడని పక్కకి నెట్టడం వల్లే గైడ్ అలా అయి ఉంటుంది, ఇప్పుడు ఆ నెట్టుడు తగ్గింది. వచ్చే ఆయిల్ మార్పిడికి ఎనిమిది గ్యాప్‌లూ కొలిచి రాసి పెట్టమని ఓనర్‌కి ఒక కాగితం ఇచ్చాను. వాటిలో ఏ ఒక్కటైనా రెండు మూడు థౌ పెరిగితే స్క్రూ తిప్పకుండా నేరుగా తీసుకురమ్మన్నాను.